చిన్న వ్యాపారానికి వెబ్ హోస్టింగ్: ప్రకటనలో కనిపించని లెక్కలు

పచ్చళ్ల తయారీదారు, చేనేత చీరల దుకాణం, డయాగ్నస్టిక్ కేంద్రం, కోచింగ్ సెంటర్... ఏ వ్యాపారానికైనా ఇవాళ సొంత వెబ్‌సైట్ ఖర్చు పెద్ద భారం కాదు. కొన్ని వేల రూపాయలతో ఏడాది గడిచిపోతుంది. అందుకే హోస్టింగ్ ఎంపికను చాలామంది వ్యాపారులు తేలికగా తీసుకుంటారు. ప్రకటనలో ఎవరు తక్కువ ధర చూపితే వారి దగ్గరే కొంటారు, లేదంటే మొత్తం డెవలపర్‌కు అప్పగిస్తారు. ఈ నిర్ణయం బరువు రెండు మూడేళ్ల తర్వాత గాని తెలిసిరాదు. రెన్యువల్ బిల్లు మూడింతలైనప్పుడో, డెవలపర్ ఫోన్ ఎత్తనప్పుడో, సర్వర్ పాడై ఆర్డర్ల చరిత్ర మొత్తం పోయినప్పుడో అసలు ప్రశ్నలు ముందుకొస్తాయి. కొనే ముందే అడగాల్సిన ప్రశ్నలు అవి.

డొమైన్ పట్టా ఎవరి పేరున?

వెబ్‌సైట్‌లో రెండు వేర్వేరు కొనుగోళ్లు ఉంటాయి. డొమైన్ అంటే సైట్ పేరు, చిరునామా. హోస్టింగ్ అంటే ఆ సైట్ ఫైళ్లు, డేటాబేస్ ఉండే సర్వర్‌లో అద్దెకు తీసుకున్న చోటు. హోస్టింగ్ నచ్చకపోతే మరో చోటికి మారవచ్చు. డొమైన్ చేజారితే మాత్రం విజిటింగ్ కార్డులు, బోర్డులు, గూగుల్‌లో సంపాదించుకున్న స్థానం, ఆ పేరుతో నడిచే ఈమెయిళ్లు అన్నీ ఒకేసారి పోతాయి.

చిన్న వ్యాపారాల్లో తరచూ జరిగే పొరపాటు డొమైన్‌ను డెవలపర్ తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో కొనడం. డబ్బు వ్యాపారిది, రికార్డుల్లో యజమాని డెవలపర్. ఇద్దరికీ చెడినప్పుడు పొలం ఒకరిది, పట్టా మరొకరిది అన్న పరిస్థితి వస్తుంది. రిజిస్ట్రెంట్‌గా వ్యాపార సంస్థ పేరు, యజమాని చూసుకునే ఈమెయిల్, యజమాని ఫోన్‌కే వచ్చే ఓటీపీ ఉండాలి. డెవలపర్‌కు పని మేరకు ప్రత్యేక లాగిన్ ఇస్తే చాలు.

ఈమెయిల్ ఎవరిదన్నది చిన్న విషయం కాదు. డాట్ కామ్ వంటి డొమైన్ల గడువు ముగిసే ముందు కనీసం రెండుసార్లు, ముగిశాక మరోసారి రిజిస్ట్రార్ హెచ్చరిక పంపాలని అంతర్జాతీయ నియంత్రణ సంస్థ ఐకాన్ నిబంధన. ఆ హెచ్చరికలు డెవలపర్ పాత ఈమెయిల్‌కు వెళితే యజమానికి తెలిసే దారి లేదు. గడువు దాటాక రిజిస్ట్రార్‌ను బట్టి గరిష్ఠంగా 45 రోజుల వెసులుబాటు ఉండవచ్చు. ఆ తర్వాత 30 రోజుల 'రిడెంప్షన్' దశలో అదనపు రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆపై 5 రోజులకు ఆ పేరు బహిరంగ మార్కెట్లోకి వస్తుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు.

మన దేశపు డాట్ ఇన్ డొమైన్లను 'నిక్సీ'గా పిలిచే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తోంది. తెలుగు లిపిలో '.భారత్' పేర్లు కూడా దీని పరిధిలోనివే. ప్రధానంగా దేశంలోనే అమ్మకాలున్న వ్యాపారానికి డాట్ ఇన్ సరిపోతుంది. విదేశాల్లోని తెలుగువారికి పంపే వ్యాపారమైతే డాట్ కామ్ కూడా దగ్గర ఉంచుకోవడం మేలు.

ఏ హోస్టింగ్ ఎవరికి?

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్‌పై వందల సైట్లు ఉంటాయి. అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఒకే నీళ్ల ట్యాంకు ఉన్నట్టు. పక్క సైట్‌కు రద్దీ పెరిగితే మన సైట్ నెమ్మదించవచ్చు. అయినా పది పదిహేను పేజీలు, ఫోన్ నంబరు, మ్యాప్, కొన్ని ఫొటోలు మాత్రమే ఉన్న సైట్‌కు ఇదే చాలు.

వీపీఎస్‌లో మెమరీ, ప్రాసెసర్‌లో కొంత వాటా మనకే కేటాయిస్తారు. ధర ఎక్కువ. సాధారణ వీపీఎస్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, భద్రత చూసుకోవాల్సింది కొన్నవారే. సర్వర్ నిర్వహణ తెలిసిన మనిషి లేకుండా వీపీఎస్ కొనడం డ్రైవర్ లేకుండా లారీ కొన్నట్టే. ఆ పనిని సంస్థే చేసే 'మేనేజ్డ్' ప్లాన్లు ఉన్నాయి, వాటి ధర వేరు.

ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్‌పై నడుస్తున్నాయి. దీనికోసం ప్రత్యేకంగా మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ హోస్టింగ్ దొరుకుతుంది. ఆన్‌లైన్ అమ్మకాలే ప్రధానమైతే షాపిఫై వంటి రెడీమేడ్ వేదికలు మరో దారి. వాటిలో సర్వర్ బెంగ ఉండదు. కానీ ఆ వేదికను వదిలి వెళ్లేటప్పుడు సైట్‌ను ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్లలేరు, సరుకుల జాబితా, కస్టమర్ల వివరాల వంటి డేటా మాత్రమే వెంట వస్తుంది.

'అన్‌లిమిటెడ్'కూ హద్దుంది

షేర్డ్ ప్లాన్లలో స్టోరేజీ, బ్యాండ్‌విడ్త్ అపరిమితమని రాస్తారు. సర్వర్ డిస్కు మాత్రం పరిమితమే. అసలు హద్దులు నిబంధనల పేజీలో వేరే పేర్లతో ఉంటాయి. ఫైళ్ల సంఖ్యకు 'ఐనోడ్' పరిమితి, ప్రాసెసర్ వాడకానికి, ఒకేసారి నడిచే ప్రాసెస్‌లకు మరో పరిమితి. డిస్కు ఖాళీగా కనిపిస్తున్నా ఐనోడ్‌లు నిండితే కొత్త ఫైలు చేరదు. పండగ ఆఫర్ రోజున ఒక్కసారిగా జనం వస్తే ప్రాసెసర్ పరిమితి దాటి సైట్ ఎర్రర్ చూపవచ్చు. కొనే ముందు ఈ అంకెలు అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

అసలు ధర ఎంత?

ప్రకటనలోని నెలసరి ధర సాధారణంగా రెండు మూడేళ్ల సొమ్ము ముందుగా కడితేనే, అదీ మొదటిసారికే వర్తిస్తుంది. ఉదాహరణకు ఒక ప్లాన్ నెలకు 99 రూపాయలు, రెన్యువల్‌లో 299 రూపాయలు అనుకుందాం. మొదటి మూడేళ్లకు 3,564 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో సుమారు 4,206. తర్వాతి మూడేళ్లకు 10,764 రూపాయలు, జీఎస్టీతో సుమారు 12,702. ఆరేళ్లకు మొత్తం 16,908 రూపాయలు. అంటే నెలకు దాదాపు 235. రెండు సంస్థలను పోల్చాల్సింది ఈ సగటుతోనే, ప్రకటన ధరతో కాదు.

బిల్లు చెల్లించే పేజీలో ముందే టిక్ పెట్టిన అదనపు సేవలు మరో విషయం. కొనుగోలుదారు అడగకుండా బుట్టలో సరుకు చేర్చడాన్ని 2023 నవంబర్ 30న కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలు 'డార్క్ ప్యాటర్న్'లలో ఒకటిగా గుర్తించి నిషేధించాయి. అయినా బిల్లును వరుసవారీగా చదవడం కొన్నవారి బాధ్యతే. వీటిలో ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ కనిపిస్తే కారణం అడగాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఈ సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తోంది. చిన్న సైట్‌కు అది సరిపోతుంది. సర్టిఫికెట్ అసలే లేకపోతే మాత్రం క్రోమ్ బ్రౌజర్ 2018 జులై నుంచి ఆ సైట్‌ను సురక్షితం కాదని చూపుతోంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు బిల్లుపై తమ జీఎస్టీ నంబరు వేయించుకుంటే ఇన్‌పుట్ క్రెడిట్ పొందవచ్చు. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ అవకాశం లేదు. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి విదేశీ సంస్థ దగ్గర కొంటే రివర్స్ చార్జ్ కింద పన్ను తానే కట్టాలి. ఈ విషయం ముందే అకౌంటెంట్‌తో మాట్లాడుకోవాలి.

ఆటో రెన్యువల్‌ను గుడ్డిగా నమ్మడం మంచిది కాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబర్ నుంచి కార్డుపై పదేపదే జరిగే చెల్లింపులకు ముందుగా మాండేట్ నమోదు కావాలి. 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. మాండేట్ లేని కార్డు వివరాలు ఖాతాలో ఉన్నంత మాత్రాన రెన్యువల్ జరిగిపోదు. డొమైన్ గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందే గుర్తు పెట్టుకోవడం నమ్మకమైన పద్ధతి.

సర్వర్ ఎక్కడుంది?

ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరం దాదాపు 13,000 కిలోమీటర్లు. వెళ్లి రావడానికే కనీసం 130 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుళ్లు తిన్నగా వెళ్లవు కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువే. ఒక పేజీ తెరుచుకునే లోపు ఇలాంటి రాకపోకలు అనేకసార్లు జరుగుతాయి. సర్వర్ ముంబయిలో ఉంటే ఇదే రాకపోక చాలా తక్కువ సమయంలో ముగుస్తుంది.

అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016లో ముంబయిలో, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తన రీజియన్లు ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్, గూగుల్‌కూ దేశంలో క్లౌడ్ రీజియన్లు ఉన్నాయి. చిన్న హోస్టింగ్ సంస్థలు కూడా భారత సర్వర్లను ఇస్తున్నాయి, కొన్నిచోట్ల కొనేటప్పుడే దాన్ని ఎంచుకోవాల్సి ఉంటుంది. కొనుగోలుదారులు అమెరికాలో ఎక్కువగా ఉన్న వ్యాపారానికి అక్కడి సర్వరే మేలు. రెండు చోట్లా ఉంటే ఫొటోలు, ఇతర స్థిరమైన ఫైళ్లను పలు నగరాల నుంచి అందించే సీడీఎన్ సేవ ఉపయోగపడుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థలు దీన్ని ప్రాథమిక స్థాయిలో ఉచితంగానే ఇస్తున్నాయి.

అప్‌టైమ్ హామీలోనూ లెక్క ఉంది. 99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 46 నిమిషాలు సైట్ ఆగినా హామీ తప్పినట్టు కాదు. 99 శాతం అంటే మూడున్నర రోజులకు పైనే. హామీ తప్పినా సంస్థలు సాధారణంగా ఇచ్చేది ఆ కాలపు అద్దెలో కొంత తగ్గింపే, పోయిన అమ్మకాలకు పరిహారం కాదు.

స్ట్రాస్‌బర్గ్ పాఠం

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ అగ్నికి ఆహుతైంది. దాదాపు 36 లక్షల వెబ్‌సైట్లు నిలిచిపోయాయని నెట్‌క్రాఫ్ట్ సంస్థ అంచనా వేసింది. వేరే చోట ప్రతి దాచుకున్నవారు తేరుకున్నారు. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్నవారిలో కొందరి డేటా తిరిగి రాలేదు. బ్యాకప్ సేవకు డబ్బు కట్టినా డేటా పోగొట్టుకున్న ఒక కస్టమర్ సంస్థకు లక్ష యూరోలకు పైగా చెల్లించాలని 2023లో అక్కడి కోర్టు తీర్పిచ్చింది. న్యాయం దక్కడానికి రెండేళ్లు పట్టింది. చిన్న వ్యాపారికి అంత ఓపిక, ఖర్చు కష్టం.

కాబట్టి 'రోజూ ఉచిత బ్యాకప్' అన్న మాటతో ఆగకూడదు. ప్రతి ఏ నగరంలో ఉంటుంది, ఎన్ని రోజులు ఉంచుతారు, తిరిగి పెట్టడానికి రుసుము ఉందా అని అడగాలి. అన్నింటికీ మించి నెలకోసారైనా, ఆర్డర్లు వచ్చే సైట్ అయితే రోజూ, ఒక ప్రతిని ఆ సంస్థకు సంబంధం లేని చోట దాచాలి. ఏడాదికోసారి దాన్ని నిజంగా తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో చెప్పలేం.

తెలుగు సైట్లకు ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. డేటాబేస్‌లో అక్షర ఎన్‌కోడింగ్ యూనికోడ్‌కు తగ్గట్టు లేకపోతే, సర్వర్ మార్చినప్పుడు తెలుగు వాక్యాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. అలా ఒకసారి సేవ్ అయితే ఆ పాఠ్యం తిరిగి రాదు. పాత సర్వర్‌ను రద్దు చేసే ముందే కొత్త సర్వర్‌లో తెలుగు పేజీలు తెరిచి సరిచూసుకోవాలి.

ఈమెయిల్, చట్టం

షేర్డ్ సర్వర్‌తో వచ్చే ఉచిత ఈమెయిల్‌కు ఒక ఇబ్బంది ఉంది. అదే సర్వర్‌లోని మరొకరు స్పామ్ పంపితే ఆ ఐపీ చిరునామా బ్లాక్‌లిస్టులోకి వెళ్లి, మన ఇన్‌వాయిస్‌లు కూడా స్పామ్ ఫోల్డర్‌లో పడవచ్చు. పంపేవారిని ధ్రువీకరించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ వంటి అమరికలపై జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబిగించింది. వ్యాపారం ఈమెయిల్‌పైనే నడిచేటట్టయితే దాన్ని హోస్టింగ్ నుంచి విడదీసి వేరే సేవకు మార్చడం మంచిది. సైట్ ఆగినా ఉత్తరాలు ఆగవు.

కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు సేకరించే సైట్‌కు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 వర్తిస్తుంది. దీని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. డేటా ఎవరి సర్వర్‌లో ఉన్నా బాధ్యత దాన్ని సేకరించిన వ్యాపారిదే అని చట్టం చెబుతోంది. తగిన భద్రత పాటించకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. సైబర్ దాడి జరిగితే గుర్తించిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలని 'సెర్ట్ ఇన్' 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. అర్ధరాత్రి సమస్య వస్తే హోస్టింగ్ సంస్థలో మనిషి పలుకుతాడా అన్న ప్రశ్నకు అందుకే ఇంత విలువ. డబ్బు కట్టకముందే రాత్రి వేళ ఒక సాంకేతిక ప్రశ్న పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో, ఎలా ఉందో చూస్తే విషయం తెలుస్తుంది.

వదిలి వెళ్లే దారి

డాట్ కామ్ డొమైన్‌ను మరో రిజిస్ట్రార్‌కు మార్చడానికి కావలసిన కోడ్‌ను అడిగిన 5 రోజుల్లో ఇవ్వాలని ఐకాన్ నిబంధన. కొత్తగా కొన్న డొమైన్‌ను మాత్రం 60 రోజుల వరకు మార్చడం కుదరదు. హోస్టింగ్ ఫైళ్లు, డేటాబేస్ మొత్తాన్ని సొంతంగా డౌన్‌లోడ్ చేసుకునే వీలుందా, గడువు ముగిశాక డేటాను ఎన్ని రోజులకు తుడిచేస్తారు అన్నవి ముందే తెలుసుకోవాలి. డొమైన్‌ను ఒక సంస్థ దగ్గర, హోస్టింగ్‌ను మరో సంస్థ దగ్గర ఉంచితే ఒకరితో తగాదా వచ్చినా రెండోది చేతిలో ఉంటుంది.

మొదటిసారి కొనేవారు మూడేళ్ల తగ్గింపు కోసం ఆశపడకుండా, కాస్త ఎక్కువ ధరైనా ఒక ఏడాదికే తీసుకోవడం మంచిది. ఆ ఏడాదిలో సైట్ వేగం, సిబ్బంది స్పందన, బ్యాకప్ తీరు తెలిసిపోతాయి. డొమైన్‌ను మాత్రం సొంత పేరున, వీలైనన్ని ఎక్కువ ఏళ్లకు కట్టి ఉంచుకోవాలి. ఈ రెండింటి లాగిన్ వివరాలు, గడువు తేదీలు, బిల్లులు ఒకే ఫైలులో పెట్టి దుకాణం లైసెన్సు, అద్దె ఒప్పందం ఉన్న బీరువాలోనే భద్రపరచాలి.