కౌమార రోగి గోప్యత: అమెరికాలో ఒక వైద్య నియమం పుట్టిన తీరు

ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా అమెరికా వైద్యశాలలో పదహారేళ్ల పిల్లవాడు రోగే అయినా అక్కడ చెల్లిన మాట మాత్రం తల్లిదండ్రులదే. ఇంగ్లండు నుంచి సంక్రమించిన కామన్ లా, అంటే శాసనసభలు చేసినది కాక న్యాయస్థానాల తీర్పుల మీద పేరుకుంటూ వచ్చిన న్యాయం, మైనరుకు సొంతంగా సమ్మతి తెలిపే శక్తి లేదని భావించింది. అందువల్ల ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడో, పిల్లవాడు ఇల్లు విడిచి తన సంపాదన మీద బతుకుతున్నప్పుడో తప్ప, పెద్దల అనుమతి లేకుండా చికిత్స చేసిన వైద్యుడు దౌర్జన్యం చేసినవాడి కింద లెక్కకు వచ్చి నష్టపరిహారం చెల్లించవలసి వచ్చేది. సమ్మతి ఎవరిదైతే సమాచారమూ వారిదే అన్న భావన ఈ నియమం వెంటే నడిచింది.

1951లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో జె. రోస్వెల్ గాలగర్ అనే వైద్యుడు కౌమారుల కోసం ప్రత్యేక విభాగం తెరిచి, వైద్యుడు ముందుగా మాట్లాడవలసినది ఎదురుగా ఉన్న రోగితోనే అన్న పద్ధతిని అలవాటు చేశాడు. 1968 నాటికి కౌమార వైద్యులకు సొంత సంఘం ఏర్పడింది. అయితే చట్టాన్ని కదిలించినది ఈ ఆదర్శం కంటే ఎక్కువగా భయమే. సుఖవ్యాధులు సోకిన పిల్లలు ఇంట్లో తెలుస్తుందని వైద్యానికి రాకపోతే వ్యాధి ఊరంతా పాకుతుందని గుర్తించిన రాష్ట్రాలు, 1960ల చివరి నుంచి, ఆ ఒక్క చికిత్సకు మైనరు సమ్మతే చాలునని ఒకదాని తరువాత ఒకటిగా చట్టాలు చేశాయి. అదే తర్కం మాదకద్రవ్యాలకూ విస్తరించింది. 1970, 1972 నాటి ఫెడరల్ చట్టాలు వ్యసన చికిత్స రికార్డులకు కట్టుదిట్టమైన గోప్యత కల్పించగా, వాటి కింద 1975లో వెలువడిన నిబంధనలు మరో అడుగు ముందుకు వేశాయి. ఏ రాష్ట్రంలో మైనరు తానే చికిత్సకు సమ్మతించవచ్చునో, అక్కడ ఆ పిల్లవాడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప తల్లిదండ్రులకైనా సంగతి చెప్పడానికి వీలు లేకుండా పోయింది. కాలిఫోర్నియాలో ఇలాంటి సమ్మతికి పన్నెండేళ్ల వయసు చాలు. కానీ ఆ ఫెడరల్ నిబంధనల రక్షణ ఫెడరల్ సహాయం పొందే వ్యసన చికిత్సా కేంద్రాలకే పరిమితం కావడంతో, గంజాయి తాగిన సంగతి మామూలు పిల్లల వైద్యుడికి చెప్పుకున్న కుర్రవాడు దాని పరిధిలోకి రాలేదు. ఈ వెలితిని పూడ్చే భారం చట్టం మీద కాక వైద్యుడి విచక్షణ మీద పడింది.

ఈ లోగా గంజాయిని దేహంలో పసిగట్టే విద్య వేరే దారిలో ఎదిగింది. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థపు నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రాఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గవోని నిర్ధారించారు. 1971లో వియత్నాం నుంచి తిరిగివచ్చే అమెరికా సైనికులకు హెరాయిన్ కోసం మూత్ర పరీక్షలు మొదలయ్యాయి. 1981 మే 26న నిమిట్జ్ అనే విమానవాహక నౌకపై విమానం కూలి 14 మంది మరణించగా, మృతుల్లో కొందరి దేహాలలో గంజాయి ఆనవాళ్లు బయటపడిన తరువాత సైన్యంలో ఈ పరీక్షలు విస్తృతమయ్యాయి. టీహెచ్‌సీ కొవ్వులో కరిగే గుణం కలది కనుక రక్తంలో దాని మోతాదు కొన్ని గంటల్లోనే బాగా పడిపోతుంది గాని, శరీరం దాన్ని విరిచినప్పుడు పుట్టే పదార్థం మూత్రంలో రోజుల తరబడి, నిత్యం వాడేవారిలో వారాల తరబడి కనిపిస్తుంది. పరీక్షలు మూత్రాన్ని ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. రక్తకణాల లెక్క, చక్కెర, కొలెస్ట్రాల్ వంటి మామూలు రక్త పరీక్షలు గంజాయిని వెతకవు. ప్రత్యేకంగా అడిగితే తప్ప ప్రయోగశాల ఆ జాడ తీయదు. అంటే సాధారణ పరీక్షకని ఇచ్చిన నమూనాలో గంజాయి బయటపడాలంటే ఎవరో ఒకరు కావాలని అడిగి ఉండాలి.

అలా అడిగే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు న్యాయమూర్తులు, వైద్యులు వేర్వేరు సమాధానాలు ఇచ్చారు. సుప్రీంకోర్టు 1995లో ఒరెగాన్‌కు చెందిన వ్యాజ్యంలో పాఠశాల క్రీడాకారులకు, 2002లో ఓక్లహోమాకు చెందిన వ్యాజ్యంలో పోటీ కార్యక్రమాల్లో పాల్గొనే విద్యార్థులందరికీ, అనుమానం లేకపోయినా పరీక్ష చేయవచ్చునని తీర్పు చెప్పింది. పిల్లల వైద్యుల జాతీయ సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాత్రం, మంచిచెడ్డలు తెలిసిన కౌమారుడికి అతని ఇష్టం లేకుండా పరీక్ష చేయరాదని, అందుకు తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదని 1996లో ప్రకటించింది. ఈ మాట అనడానికి ఆనాడు నిజంగా ధైర్యం కావలసి వచ్చింది. బిడ్డ గురించి తల్లడిల్లే తండ్రికి, నీ భయం న్యాయమైనదే గాని నేను దొంగచాటుగా పరీక్ష చేస్తే ఇకమీదట వీడు నాకు నిజం చెప్పడు అని నచ్చజెప్పవలసింది వైద్యుడే.

2003 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ఫెడరల్ వైద్య గోప్యతా నియమం తల్లిదండ్రులను సాధారణంగా పిల్లల ప్రతినిధులుగా గుర్తిస్తూనే, రాష్ట్ర చట్టం ప్రకారం మైనరు తానే సమ్మతించిన చికిత్సలకు, పెద్దలే ఏకాంతానికి ఒప్పుకున్న సందర్భాలకు మినహాయింపు ఇచ్చింది. అయితే వైద్యుడు నోరు మెదపకపోయినా, బీమా సంస్థ ఏ సేవకు ఎంత చెల్లించిందో వివరిస్తూ పాలసీదారు పేర ఇంటికి పంపే కాగితం చాలామంది పిల్లల గుట్టు విప్పింది. ఆ కాగితం దారి మళ్లించమని కోరే వీలును కాలిఫోర్నియా 2015లో కల్పించింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, పిల్లవాడితో విడిగా మాట్లాడేందుకు వైద్యుడు కాసేపు తమను బయట కూర్చోమనడం వింతగా, ఒక్కోసారి అవమానంగా తోచవచ్చు. అయినా ఆ అభ్యర్థన వెనుక ఉన్నది ఈ అర్ధశతాబ్దపు పెనుగులాటే. 2021 ఏప్రిల్ నుంచి అమలైన ఫెడరల్ నిబంధన వల్ల ప్రయోగశాల ఫలితం జాప్యం లేకుండా రోగి ఆన్‌లైన్ ఖాతాలోకి చేరుతోంది కనుక, పిల్లలకు పన్నెండు పదమూడేళ్లు రాగానే తల్లిదండ్రులకు కనిపించే వివరాలను చాలా ఆసుపత్రులు కుదిస్తున్నాయి. అయితే పిల్లవాడి పేరున్న ఆ ఖాతాను చాలా ఇళ్లలో తెరిచి చూస్తున్నది తల్లో తండ్రో.