అక్వేరియం చేపల వ్యాధులు: నిదానము, చికిత్స

గాజుతొట్టెలలో అలంకారార్థము పెంచబడు మత్స్యములకు సంక్రమించు రుగ్మతలను గుర్తించుటయు, వానిని మాన్పుటయు మత్స్యవైద్యములో ఒక శాఖ. గోదావరి డెల్టాలో ఇది చెరువు చేపల వైద్యముతో పెనవేసికొని యున్నది. ఉండిలోని మత్స్య పరిశోధన స్థానము, కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, బలభద్రపురములోని కేంద్ర మత్స్య విద్యాసంస్థ శాఖ మున్నగు చోట్ల బొచ్చె, శీలావతి, రొయ్యల నిమిత్తము అలవరచుకొన్న పరీక్షా పద్ధతులే రాజమహేంద్రవరములోని ఒక ఇంటి తొట్టెలో తిరుగాడు బంగారుచేపకును చాలవరకు వర్తించును.

చేప జబ్బుపడినదనగానే మందు వెదకుట సర్వసాధారణమైన పొరపాటు. మొట్టమొదట పరీక్షింపవలసినది నీరు. చేప విసర్జించు అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు నెలకొనుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును గనుక, ఆ లోపల తొట్టెనిండ చేపలను వేసినచో అవి తమ విసర్జనముచేతనే విషగ్రస్తములగును. నీటి క్షారత్వమును, ఉష్ణోగ్రతయును హెచ్చినకొలది అమ్మోనియా విషము తీవ్రమగును. నైట్రైటు రక్తములో ప్రాణవాయువును మోయు శక్తిని చెరచి, మొప్పలను గోధుమవన్నెకు తెచ్చును. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు కాలువలను వేసవిలో కట్టివేసినప్పుడు అనేకులు బోరునీటికి మరలుదురు. ఆ నీరు కఠినముగను, సముద్రతీర గ్రామములలో ఉప్పగను ఉండుట కద్దు. కాలువనీటికి అలవాటుపడిన చేపను ఒక్కసారిగా అట్టి నీటిలోనికి మార్చుట దానికి పెద్ద దెబ్బ. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలను కాల్చును. వెడల్పాటి పాత్రలో ఒక రాత్రి నిలువ ఉంచి గాలిపంపుతో కదిలించిన గాని, హైపో పలుకులు కలిపిన గాని ఆ దోషము పోవును.

చూచి తెలిసికొనవలసినది తెల్లవారుజామున ఎక్కువ. రాత్రియంతయు మొక్కలు సైతము ప్రాణవాయువును పీల్చుకొనును గనుక ఆ వేళకది కనిష్ఠమునకు దిగును. చెరువు రైతు వేకువనే గట్టుమీద నిలిచి, చేపలు పైకి తేలి గుటకలు వేయుచున్నవా యని చూచుట అందులకే. తొట్టెలోని చేపలన్నియు ఒక్కమారుగా అట్లు చేసినచో దోషము నీటిదనియు, ఒకటి రెండు మాత్రమే మూలకు చేరి వాజములు ముడుచుకొని, మేత విడిచినచో వ్యాధియనియు మొదట ఊహింపవచ్చును. ఆ మీదట ఒంటిమీది జిగురును గాజుపలకపై గీకితీసి సూక్ష్మదర్శినిలో చూచుటయే నిశ్చయమైన మార్గము. ప్రయోగశాలకు పంపదలచినవారు చచ్చిన చేపను గాక, జబ్బు లక్షణములున్న బ్రతికిన చేపను గాలి నింపిన సంచిలోను, తొట్టె నీటిని వేరొక సీసాలోను పంపవలెను. మన ఎండలకు చచ్చిన చేప త్వరలోనే క్రుళ్ళి, రోగకారకమును మరుగుపరచును.

అక్వేరియములలో మిక్కిలి తరచుగా కానవచ్చునది తెల్లచుక్కల వ్యాధి. దీనికి కారణము ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్ అను ఏకకణజీవి. ఉప్పుపలుకు వంటి ప్రతి చుక్క క్రిందను, చర్మముయొక్క పైపొరలో నొక పరాన్నజీవి తలదాచుకొని యుండును. పెరిగిన పిదప రాలి, అడుగున కోశము కట్టుకొని, వందలకొలది పిల్లలుగా విభక్తమగును. చర్మములోనున్న దానిని గాని, కోశములోనున్న దానిని గాని మందు తాకదు. నీటిలో ఈదుచు చేపను వెదకుకొను స్వల్పకాలముననే అది లోబడును. కావున చుక్కలు మాయమైనవని చికిత్స మానుట తగదు. 25 డిగ్రీలయొద్ద ఈ చక్రము కొద్ది రోజులలో పూర్తియగును, చలిలో వారముల తరబడి సాగును. పుష్యమాసపు చలిరాత్రులలో నీటి ఉష్ణోగ్రత పడిపోయినప్పుడు చేపల నిరోధశక్తి తగ్గుటచే ఈ వ్యాధి పైకొనును. నీటిని క్రమక్రమముగా 30 డిగ్రీలకు వెచ్చచేసి, గాలిని హెచ్చించి, లీటరుకు రెండు మూడు గ్రాముల కల్లుప్పు కలుపుట నిరపాయమైన చికిత్స. అయితే జెల్లజాతి చేపలును నీటిమొక్కలును ఉప్పునకు ఓర్వజాలవు.

కొలత తప్పిన మందు విషమే. అరువది సెంటీమీటర్ల పొడవు, ముప్పది వెడల్పుగల తొట్టెలో ఇరువదియైదు సెంటీమీటర్ల నీరున్నచో అది 45 లీటర్లు. లీటరుకు రెండు గ్రాముల చొప్పున 90 గ్రాముల ఉప్పు చాలును. చికిత్సను వేరు తొట్టెలో చేయుట మేలు, ఏలయన మిథిలీన్ బ్లూ వంటివి వడపోతలోని ఉపకార సూక్ష్మజీవులను సైతము చంపును.

చేప పేను, అనగా ఆర్గ్యులస్, కంటికి కనబడు బల్లపరుపు జీవి. దానిని పటకారుతో తీసివేయవచ్చును. తోక కుళ్ళు, మొప్ప కుళ్ళు బాక్టీరియావలన కలుగును, మురికినీటిలో ప్రబలును. పొలుసులు నిక్కబొడుచుకొని పొట్ట ఉబ్బిన జలోదరము సాధారణముగా లోపలి అవయవములు చెడిన గురుతు. అది నయమగుట అరుదు.

పుండ్ల వ్యాధి చరిత్ర మనకు ప్రత్యేకముగా తెలియవలసినది. ఎఫనోమైసిస్ ఇన్వాడాన్స్ అను బూజువంటి జీవివలన కలుగు ఈ వ్యాధి 1971లో జపానులో మొదట గుర్తింపబడి, 1988లో మన ఈశాన్య రాష్ట్రములలో ప్రవేశించి, తరువాత దేశమంతటను వ్యాపించెను. కొరమేను, పరిగ వంటి నాటుచేపలే దానికి మొదట బలియైనవి. భువనేశ్వరమునందలి కేంద్ర మంచినీటి మత్స్యసంస్థ దీనికై సిఫాక్స్ అను మందును రూపొందించినది. హెక్టారు విస్తీర్ణమున మీటరు లోతు నీటికి ఒక లీటరు దాని మోతాదు. చెరువు మందును చెంచాలతో తొట్టెలో పోయుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి ఊహింపవచ్చును. మన దేశమున మత్స్య పెంపకములో నిషేధింపబడిన క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి మందులను ఇంట వాడుటయు సమర్థనీయము కాదు.

క్రొత్త చేపను రెండు మూడు వారములు వేరుగా నుంచుట నివారణోపాయములలో శ్రేష్ఠము. చేతికి గాయమున్నప్పుడు తొట్టెలో చేయి పెట్టరాదు. మైకోబాక్టీరియం మెరైనమ్ అను సూక్ష్మజీవి మనుష్య చర్మముపై చిరకాలము మానని గడ్డలను కలిగించును. తొట్టె నీటిని, జబ్బుచేపను బోదెలోనో కాలువలోనో పారవేయుట మరియొక అపరాధము: నాచు తినునని దుకాణమునుండి తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప, అట్లు విడువబడుటవలననే ఆంధ్రదేశపు చెరువులలో పెరిగి రైతుల వలలను చించుచున్నది. చచ్చిన చేపను పాతిపెట్టి, వలను, తొట్టెను బ్లీచింగు పొడి నీటితో కడిగి, ఎండలో ఆరబెట్టిన పిదపనే మరల వాడవలెను.