టెలికాం వినియోగదారుని ఫిర్యాదు: ట్రాయ్ నుంచి జిల్లా కమిషన్ వరకు

‘ఫిర్యాదు’ పారసీకం నుంచి తెలుగులోకి వచ్చిన మాట. మూలంలో దానికి మొర, ఆక్రందన అని అర్థం. మొర ఉంటే వినేవాడూ ఉండాలి. టెలికాం రంగంలో ఆ వినేవాడు ఎవరన్న ప్రశ్నకు చట్టం వేర్వేరు కాలాల్లో ఇచ్చిన సమాధానాలను పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

1997 నాటి చట్టంతో ట్రాయ్ ఏర్పడింది. సేవల నాణ్యత, ధరల క్రమబద్ధీకరణ దాని పరిధిలోనివి. ఒక్కొక్క వినియోగదారుని తగవు తీర్చే అధికారం మాత్రం దానికి లేదు. 2000 సవరణతో వచ్చిన టీడీశాట్ సైతం, వినియోగదారుల ఫోరంలో వేయదగిన వ్యక్తిగత ఫిర్యాదును స్వీకరించదు. ట్రాయ్ 2007లో కాల్ సెంటర్, నోడల్ అధికారి, అప్పీలు అధికారి అనే మూడంచెల విధానాన్ని కంపెనీల లోపలే ఏర్పాటు చేయించింది. 2012 జనవరి నిబంధనలు నోడల్ అధికారి అంచెను తొలగించాయి. అప్పటినుంచి ఫిర్యాదుకు ఒక డాకెట్ నంబరు, తృప్తి లేకపోతే రుసుము లేని అప్పీలు, దాని పరిష్కారానికి 39 రోజుల గడువు. అప్పీలు వినేది ఆ కంపెనీ నియమించినవారే. ఈ ఏర్పాటులోని అసలు బలహీనత ఇదేనని నా అభిప్రాయం.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లో చదువుకుంటూ, చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. అడగని సేవ ఏదో మొదలై అతని ప్రీపెయిడ్ ఖాతాలో ముప్పై రూపాయలు కోతపడ్డాయనుకుందాం. అంత చిన్న మొత్తానికి ఎవరు తిరుగుతారు? అటువంటి మొరలు వేలల్లో పోగైనప్పుడే నియంత్రణ సంస్థ కదిలింది. అదనపు సేవ ప్రారంభించేముందు వినియోగదారుని సమ్మతిని రెండుసార్లు తీసుకోవాలని 2013 జూలైలో ఆదేశించింది. రాబోయేవారికి దానివల్ల రక్షణ దొరికింది. ఆ విద్యార్థి ముప్పై రూపాయల సంగతి మాత్రం తేలలేదు.

ఇక మిగిలింది వినియోగదారుల ఫోరం. 2009 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ తలుపూ మూసింది. కోజికోడ్‌లో బిల్లు చెల్లించలేదని టెలిఫోను తొలగించిన కేసది. కనెక్షను తిరిగి ఇచ్చి 5,000 రూపాయల పరిహారం చెల్లించాలని అక్కడి జిల్లా ఫోరం ఆదేశించింది. 1885 టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షన్ ప్రకారం ఇటువంటి వివాదం కేంద్రం నియమించే మధ్యవర్తికే వెళ్లాలి కనుక, ఫోరానికి విచారణాధికారం లేదని సుప్రీంకోర్టు తేల్చింది. కేసు ప్రభుత్వ టెలిఫోన్ శాఖది. అయినా ప్రైవేటు కంపెనీలు దానినే కవచంగా తొడుక్కున్నాయి. తంతివార్తల నాటి చట్టం సెల్‌ఫోను బిల్లుకు అడ్డుపడటం చరిత్రలో ఒక వింత. (తంతి సేవ 2013లోనే ముగిసింది.)

2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఈ చిక్కును విప్పింది. నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చేచోట 24,609 రూపాయలు వేశారని అహ్మదాబాదు వినియోగదారుడొకరు చేసిన ఆరోపణ దానికి మూలం. 7బి ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ల అధికారం పోదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది.

అప్పటికే 2019 వినియోగదారుల రక్షణ చట్టం అమలులోకి వచ్చింది. ఫిర్యాదీ తాను నివసించే లేదా పనిచేసే చోటనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల రూపాయల వరకు రుసుము లేదు. దిల్‌సుఖ్‌నగర్ వాసికి ఇక్కడొక స్థానిక చిక్కుంది. మలక్‌పేట, సైదాబాదు హైదరాబాదు జిల్లాలోనివి, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ రంగారెడ్డి జిల్లాలోనివి. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాలు ఉన్న ఎల్.బి.నగర్ దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో మూడో స్టేషనే. కాని ఫిర్యాదు ఏ జిల్లా కమిషన్‌కు చెందుతుందో దూరాన్ని బట్టి కాక, హాస్టలు ఉన్న వీధిని బట్టి తేలుతుంది.

టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఆన్‌లైన్ వివాద పరిష్కార విధానాన్ని ప్రతిపాదించింది. దానివల్ల 2019 చట్టం కింద వినియోగదారునికున్న హక్కుకు భంగం కలగదని కూడా అందులోనే రాసుకుంది. 2009 తీర్పు నాటికి లేనిది సరిగ్గా ఈ వాక్యమే.