ఆగిపోయిన రాట్నాలు

రవంత ఇట్ల జరుగు నాయనా, పొగంతా నీ మీదికే వస్తా ఉండాది. ఆ అనపకాయలు మంటలో వేయొద్దు, పక్కన బూడిదలో పెట్టు, నిదానంగా కాలతాయి. ఏందీ, సెలవలకు అందరూ బెంగుళూరు వండర్లాకు పోతా ఉండారా? పోండి, పోండి. నేను రాను. ఈ తలకాయకు ఇంగ తిరిగే ఓపిక లేదు. కానీ తిరిగేవాటి సంగతి నాకు తెలిసినంత మీ నాయనకు గూడా తెలీదు. లారీ తోలినోణ్ణి గదా. మదనపల్లె టమోటా ఎక్కించుకోని మద్రాసుకు, ఢిల్లీకి పోయినోణ్ణి. లోడు దించినాక తిరుగు లోడు దొరికేదాకా ఏం చేస్తాం? తిరగాల్సిందే. అట్ల ఈ పార్కులన్నీ చూసినా. నేను చూసినవాట్లో కొన్ని ఇప్పుడు లేవు.

మా చిన్నప్పుడు పార్కు అనే మాటే తెలీదు. మాకుండేది జాతరే. పుంగనూరు జమీందార్ల ప్యాలెస్‌లో సుగుటూరు గంగమ్మను నిలుపుతారే, ఆ జాతరకు మా నాయన బండి కట్టేవాడు. రామసముద్రంలో రాత్రి సంగటి తిని బయలుదేరితే, తెల్లారేసరికి పుంగనూరు. మా అవ్వ అమ్మోరి దగ్గరికి, మేము రంకులరాట్నం దగ్గరికి.

ఆ రాట్నం మీరు చూసిన జెయింట్ వీల్ గాదురా. ఇంజనూ లేదు, కరెంటూ లేదు. రెండు దుంగలు నిలువుగా నాటి, మధ్యన ఇరుసు పెట్టి, దానికి కొయ్య రెక్కలు. కొసలకు నాలుగు తొట్లు. కిందికొచ్చిన తొట్టిని మొగోడొకడు బలంగా తోస్తే అది పైకి పోతుంది, అవతలిది దిగుతుంది. దాన్ని ఇంగొకడు అందుకోని తోస్తాడు. అంతే యంత్రం. మనిషి చెయ్యే దాని ఇంజను.

నయాపైసలొచ్చిన కొత్తలో, అంటే 1957 తరవాత, రాట్నం కాడ ఒకటే తగువు. అంతకుముందు అణా ఇచ్చి ఎక్కేవాళ్ళం. అణాకు ఆరుంపావు పైసలంటిరి. పావు పైసా యాడుండాది? ఆరిస్తే రాట్నమాయన ఒప్పుకోడు, ఏడిచ్చేదానికి మాకు మనసు రాదు. ఆఖరికి ఆరు పైసలిచ్చి రవంతసేపు రాట్నం తోసి లెక్క సరిచేసుకుంటిమి. నేను ఆ పావు పైసా పనికి పోయి, పొద్దుగూకేదాకా ఆయన దగ్గరే ఉండిపోయినా. మా అవ్వ నా కోసం జాతరంతా వెతికి, కనిపించినాక వీపు మీద ఇచ్చిందిలే, అది వేరే కథ.

ఆ రాట్నమాయన పేరు నాకు తెలీదు, అడగాలని తోచలేదు. ఎండకు కాలిపోయిన మనిషి, మాట తక్కువ. పొద్దున్నే మొదట ఇరుసుకు కందెన పెడతాడు. మీరు చూసుండరు, ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి బండి ఇరుసుకు పూస్తారు, అదీ కందెన. తరవాత నాలుగు తొట్లలో ఇసక మూటలు పెట్టి తిప్పుతాడు. తిప్పతా తిప్పతా దుంగకు చెవి ఆనిస్తాడు. ఇరుసు కిర్రుమన్నా, రెక్క కొట్టుకున్నా ఆపేసి మేకు బిగించి మళ్ళీ మొదట్నుంచి. మేము డబ్బులు పట్టుకోని నిలబడి అరస్తా ఉంటాం. ఒకనాడు నేను, “మూటలెందుకు, నేను కూచుంటా, ఊరికే తిప్పు” అంటి. ఆయన నా వైపు గూడా చూడకుండా, “మూటకు అమ్మ లేదు, నీకుండాది” అనె.

తరవాత తరవాత జాతరకు ఇనప రాట్నాలొచ్చె. లారీల్లో విప్పుకోనొచ్చి, చట్రాలు బిగించి, డీజిల్ ఇంజనుకు బెల్టు తగిలించేవాళ్ళు. పక్కనే చెక్కలతో బావి కట్టి, ఆ గోడ మీద అడ్డంగా మోటరు సైకిలు తోలేవాళ్ళు. పైన నిలబడి నోటు చాపితే, తిరగతా తిరగతానే చేతిలోది లాక్కోని పోయేవాడు ఆ మనిషి. నాకైతే రాట్నం కంటే అదే బలే అనిపించె. నేను డ్రైవరు పనికి పోయిందే ఆ బావిలోకి తొంగిచూసినందుకేమో.

మొన్న మీ అక్క ఫోన్లో చదివి చెప్పె. ఆ ఇనప రాట్నం అమెరికాలో పుట్టిందంట. 1889లో పారిస్ వాళ్ళు ఈఫిల్ టవర్ కట్టిరి గదా. దానికి మించింది ఏదో ఒకటి చేయాలని, 1893లో చికాగో ఎగ్జిబిషన్‌కు ఫెర్రిస్ అనే వంతెనల ఇంజనీరు 264 అడుగుల చక్రం కట్టినాడంట. 36 గదులు, ఒక్కోదాంట్లో 60 మంది. ఒక్కసారికి రెండువేల పైచిలుకు జనం! నేను నమ్మకుండా మళ్ళీ చదివించుకున్నా. ఆయన మూడేండ్లకే, నలభై గూడా నిండకుండా పోయినాడంట. ఆ చక్రాన్ని గూడా 1906లో మందు పెట్టి పేల్చేసి పాత ఇనుముకు వేసిరంట. అంత గొప్పది పదమూడేండ్లే బతికింది చూడు. మన పుంగనూరు కొయ్య రాట్నం అంతకంటే జాస్తి తిరిగుంటుంది.

ఇంగ ఢిల్లీ సంగతి. ఆజాద్‌పూర్ మండీలో టమోటా దించినాక ఒకసారి నేనూ క్లీనరూ ప్రగతి మైదాన్ పక్కనుండే అప్పూ ఘర్‌కు పోతిమి. 1982లో ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు పెట్టిరి, దాని గుర్తు అప్పూ అనే ఏనుగు పిల్ల. ఆ పేరే పెట్టి 1984 నవంబరులో ఆ పార్కు తెరిచిరి. మన దేశంలో ఇట్లాంటి పార్కుల్లో అదే మొదటిదంటారు. ఇందిరమ్మను చంపేసి నెల గూడా కాలేదప్పటికి. మేము పోయేసరికి అక్కడ కొలంబస్ అని ఓడొకటి, ఉయ్యాల మాదిరి ఇటు ఆకాశానికి, అటు ఆకాశానికి ఊగతా ఉండె. క్లీనరు ఎక్కేముందు కడుపునిండా ఛోలే పూరీ తిన్నాడు. మిగిలింది చెప్పనక్కర్లే, నవ్వొద్దండ్రా.

ఆ పార్కు 2008 ఫిబ్రవరిలో మూసేసిరి. జనం రాక గాదు, పిల్లోళ్ళు కడాకు గూడా వస్తానే ఉండిరి. జాగా కావాల్సి వచ్చింది. ప్రగతి మైదాన్ అంటే నడి ఢిల్లీ, ఎదురుగా సుప్రీంకోర్టు. ఆ జాగా కోర్టుకిచ్చిరి, 2019లో అక్కడ కోర్టుకు కొత్త భవనం తెరిచిరి. రాట్నం తిరిగిన చోట ఇప్పుడు ఫైళ్ళు తిరగతా ఉండాయి. ఊరు పెరిగితే మొదట పోయేది పిల్లోళ్ళ ఆటస్థలమే, అది మన బడి దగ్గర గూడా చూస్తిమి గదా.

మద్రాసుది వేరే కథ, అది సినిమాతో మొదలవుతుంది. మీ నాయన చిన్నోడుగా ఉన్నప్పుడు ‘చిన్నారి చేతన’ అని ఒక సినిమా వచ్చింది. మలయాళంలో 1984లో తీసిరి, మన దేశంలో మొదటి త్రీడీ బొమ్మ. హాల్లో కళ్ళద్దాలిచ్చిరి. తెరలోంచి ఏదన్నా ముందుకొస్తే చాలు, మీ నాయన చెయ్యి చాపుతా ఉండె. దాంట్లో పిల్లోళ్ళు గోడ మీదా, పైకప్పు మీదా నడుస్తారు. అదెట్ల తీసిరనుకున్నావ్ అమ్మణ్ణీ? పెద్ద ఇనప చట్రంలో గది కట్టి, ఆ గదినే తిప్పినారు. కెమెరా గూడా గదితో పాటు తిరిగింది, అందుకని గది నిలబడినట్టు, పిల్లోళ్ళు గోడెక్కినట్టు కనపడింది. రంకులరాట్నం లోపల సినిమా తీసినట్టే గదా!

ఆ సినిమా తీసిన నవోదయ అప్పచ్చన్ వాళ్ళే 1995లో తాంబరం దగ్గర కిష్కింట పెట్టిరి. వాలి సుగ్రీవుల ఊరి పేరు. కోతులు దూకినట్టు జనం దూకాలనేమో. అక్కడ అలలొచ్చే కొలను ఒకటి ఉండె, సముద్రం మాదిరి. దాన్ని చూసి నాకు మొదట కోపం వచ్చిందిరా, అబద్ధం చెప్పను. మన పక్క వెయ్యి అడుగులు బోరేసినా దుమ్ము లేస్తా ఉండాది, ఈడ నీళ్ళను తన్ని ఆడుకుంటా ఉండారే అని. ఆ కోపం రవంతసేపే. తరవాత లుంగీ ఎగ్గట్టి నేనూ దిగితి. కాపలా పిల్లోడు, “లుంగీతో దిగకూడదు సార్” అని బయటికి పంపించె.

అక్కడ నాకు తోచింది ఒకటి చెప్తా. ఈ పార్కులు కట్టినోళ్ళను చూస్తే, ఒకరు సినిమావాళ్ళు. మద్రాసులోనే సముద్రం ఒడ్డున కదలకుండా నిలబడే మనిషుంటాడే, ఆ వీజీపీ వాళ్ళు కంతుల మీద రేడియోలమ్మినోళ్ళు. మీరు పోయే వండర్లా ఆయన కరెంటు స్టెబిలైజర్లు చేసినాయన, వీగార్డ్. అందరూ గొప్పోళ్ళే, కాదనను. కానీ ఎవురూ రాట్నం తోసి పైకొచ్చినోళ్ళు గారు. దుంగకు చెవి ఆనించే మనిషిని వాళ్ళు జీతమిచ్చి పెట్టుకోవాల. ఆ మనిషి మంచోడైతే పార్కు బతుకుతుంది.

కిష్కింటకు ఏమయిందంటే, 2015 డిసెంబరు వానలకు తాంబరం చుట్టుపక్కల ఊళ్ళు మునిగిపోయె. మేము టీవీలో చూస్తిమి. ఆ వానల తరవాత, 2016 మే నెలలో ఆ పార్కులో ఒక రైడును నడిపి చూస్తా ఉంటే కూలిపాయె. దాంట్లో ఎక్కింది టికెట్టు కొన్న జనం గాదు, అక్కడ పనిచేసే పిల్లోళ్ళే. ఒక పిల్లోడు చచ్చిపాయె, ఇంకొందరికి దెబ్బలు. మూటలుండాల్సిన చోట మనుషులుండిరి. పేపర్లో చదివి నేను ఆ పూట అన్నం తినలేదు. అప్పటికి అప్పచ్చన్ పోయి నాలుగేండ్లయింది. ఆ దెబ్బతో పార్కు మునుపటి మాదిరి కాలేకపోయింది, చివరికి మూతబడింది.

ఇంగొకటి మద్రాసు-బెంగుళూరు రోడ్డు మీదే. పూందమల్లి దాటకముందు, చెంబరంబాక్కం చెరువు పక్కన, ఈవీపీ అని పార్కు. కోయంబేడు మార్కెట్టుకు పోయేటప్పుడు రాత్రిపూట లైట్లు కనపడేవి. 2012లో అక్కడ ఒక ఆడపిల్ల తిరిగే రైడులోంచి పడి చచ్చిపోయింది. విమానంలో పనిచేసే పిల్లంట. ఆకాశంలో తిరిగొచ్చే పిల్ల, ఆటవస్తువులోంచి పడింది. పార్కు మూసేసిరి. తరవాత దాన్ని సినిమా షూటింగుల జాగా చేసిరి. తమిళ బిగ్‌బాస్ ఇల్లు అక్కడే వేసిరి. 2020 ఫిబ్రవరిలో ‘ఇండియన్ 2’ షూటింగులో క్రేను కూలి ముగ్గురు పోయింది గూడా అక్కడే. జాగాకు శాపం అనే వాళ్ళుండారు. నేను ఒప్పుకోను. ఇనుముకు శాపాలు తగలవురా. బోల్టు వదులైతే వదులైనట్టే, ఎవురో ఒకరు పొద్దున్నే చూసుకోవాల్సింది చూసుకోలేదు, అంతే.

లారీ గూడా అంతే గదా. టైరు మీద సుత్తితో కొట్టి శబ్దం వినకుండా నేను ఏనాడూ మొగిలి ఘాటు దిగలేదు.

అనపకాయలు తీయండి, మాడతా ఉండాయి. చిన్నోడా, నీకొక మాట. వండర్లాలో గేటు కాడ గీత గీసి ఎత్తు కొలుస్తారు. నువ్వు మునివేళ్ళ మీద నిలబడి ఎత్తు చూపించాలని చూస్తావు, నీ సంగతి నాకు తెలుసు. మడమ కింద ఆనించి నిలబడు. గీతకు అందకపోతే వచ్చే యేడు పోదువు. అమ్మణ్ణీ, బెల్టు సరిగ్గా పడకపోతే సిగ్గుపడొద్దు, ఆపమని గట్టిగా అరువు. పక్కనోళ్ళు నవ్వితే నవ్వనీ. రైడు తిప్పే పిల్లోణ్ణి అన్నా అని పిలిచి, పేరు అడగండి, నేను అడగనట్టు మీరు చేయొద్దు. ఇంగొకటి. పొద్దున గేటు తీసే యాళకే పోండి. మొదట ఖాళీగా ఒక చుట్టు తిప్పేది కండ్లారా చూసినాకనే ఎక్కండి.