స్ట్రాటో ఆవరణం చల్లబడుతోందని ఎలా తెలిసింది?

నేల వేడెక్కుతోందన్న మాట మీరంతా విన్నదే. అదే కాలంలో మన తలపై ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తున గాలి చల్లబడుతోందన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ చల్లదనాన్ని ఏ పరికరంతో కొలిచారు, ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఈ పాఠంలో మన విషయం.

మన ప్రాంతంలో సుమారు 16, 17 కిలోమీటర్ల వరకు పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. ఆపైన ఉన్నది స్ట్రాటో ఆవరణం. అక్కడి ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది కనుక ఇక పైకి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. దీన్ని గుర్తుంచుకోండి, తరువాత దీనితో పని ఉంది.

కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే కింద వేడి, పైన చల్లదనం కలుగుతాయని మనాబే, వెథరాల్డ్ 1967లోనే లెక్కకట్టారు. పలుచని పై గాలిలో ఈ వాయువు వేడిని పరారుణ కిరణాలుగా అంతరిక్షంలోకి వదిలేస్తుంది. సూర్యుని వేడే పెరిగి ఉంటే పైనా కిందా కూడా వేడెక్కాలి. కాబట్టి పై గాలి ఉష్ణోగ్రత, నేల వేడికి కారణమేమిటో తేల్చే సాక్ష్యం.

విశాఖపట్నం, హైదరాబాద్‌లలో వాతావరణ శాఖ వదిలే బెలూన్లు సాధారణంగా 30 కిలోమీటర్లు దాటకుండానే పగిలిపోతాయి. అంతకు పైన కొలవడానికి బ్రిటన్ వాతావరణ శాఖ ‘స్ట్రాటోస్ఫెరిక్ సౌండింగ్ యూనిట్’ను తయారుచేసింది. 1978 అక్టోబరులో అమెరికా ఉపగ్రహం టైరోస్-ఎన్ దీన్ని మోసుకెళ్లింది. ధ్రువాల మీదుగా తిరిగే ఈ ఉపగ్రహానికి మహాసముద్రమైనా, బిలాస్‌పూర్ దగ్గరి కర్గీ రోడ్ లాంటి చిన్న రైల్వే ఊరైనా ఒకటే.

ఇందులో ఉన్న ఉపాయం చక్కనిది. పరికరంలోనే ఒక చిన్న గదిలో కార్బన్ డై ఆక్సైడ్ నింపి, దాని పీడనాన్ని పదేపదే పెంచి తగ్గిస్తారు. కింది నుంచి వచ్చే 15 మైక్రాన్ల పరారుణ కాంతిలో, గాలిలోని అదే వాయువు వెలువరించిన భాగాన్ని అది వేరుచేసి పట్టుకుంటుంది. గదిలో పీడనం ఎంత తక్కువైతే అంత పై పొరను చూస్తుంది. మూడు గదులతో దాదాపు 29, 38, 45 కిలోమీటర్ల చుట్టుపక్కల పొరలను కొలిచారు.

చిక్కు కూడా ఆ గదిలోనే ఉంది. అందులోని వాయువు మెల్లగా కారిపోయింది. పీడనం తగ్గి, పరికరం చూపు పై పొరకు జరిగింది. పై పొర వేడిగా ఉంటుందని చెప్పుకున్నాం కదా! గాలి మారకపోయినా వేడెక్కినట్లు కనిపిస్తుంది, అంటే నిజమైన చల్లదనం కొంత మరుగున పడుతుంది. గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ పెరగడం వల్ల కూడా చూపు పైకే జరుగుతుంది. పైగా ఉపగ్రహాల కక్ష్యలు జారడంతో కొలిచే వేళలు మారాయి. ఇది రోజువారీ వాతావరణం కోసం చేసిన పరికరం. దశాబ్దాల మార్పును అడిగితే ఈ దిద్దుబాట్లు తప్పవు.

2012లో ఈ చిక్కు బయటపడింది. ఒకే పరికరం లెక్కలను బ్రిటన్ బృందం, అమెరికా ‘నోవా’ బృందం వేరువేరుగా దిద్దితే, నోవా లెక్కలో చల్లదనం చాలా ఎక్కువగా వచ్చింది. ఈ విషయం మీద ‘నేచర్’లో వ్యాసం రావడంతో ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి దిద్దారు. తేడా బాగా తగ్గింది. 1979 నుంచి చూస్తే, ఈ ఎత్తుల్లో పదేళ్లకు సుమారు అర డిగ్రీ చొప్పున చల్లబడిందని తేలింది. 1982లో ఎల్ చిచోన్, 1991లో పినటుబో అగ్నిపర్వతాలు పేలినప్పుడు కింది స్ట్రాటో ఆవరణం కొంతకాలం వేడెక్కి, మళ్లీ చల్లబడింది. ఓజోన్ తరుగుదల కూడా చల్లదనానికి తోడయింది.

ఉపగ్రహాన్ని నేల మీది నుంచి సరిచూసుకోవాలి. తిరుపతి దగ్గరి గాదంకిలో 1998 నుంచి లైడార్‌తో అలాంటి కొలతలు తీశారు. ఆకుపచ్చ లేజర్ కాంతిని పైకి పంపి, గాలి అణువులు వెనక్కి చిమ్మిన వెలుగును బట్టి సాంద్రతను, దాన్నుంచి ఉష్ణోగ్రతను లెక్కకడతారు. ఇందులో వాయువు గదీ లేదు, కారిపోయేదీ లేదు. 30 నుంచి 80 కిలోమీటర్ల వరకు అందుతుంది. కాకపోతే మబ్బులేని రాత్రి కావాలి, అదీ గాదంకి మీది ఆకాశం మట్టుకే. స్ట్రాటోస్ఫెరిక్ సౌండింగ్ యూనిట్ల కొలతలు 2006లో ఆగిపోయాయి. 1998లో ఎగిరిన నోవా-15 ఉపగ్రహం మైక్రోవేవ్ పరికరంతో కొంతకాలం రెండూ కలిసి నడవబట్టి, ఆ వరుసను తెగకుండా ముందుకు కలపగలిగారు.