సున్నపు నీళ్ల రొట్టె

ఎల్ సాల్వడార్ చట్టసభ 2005లో ఒక రొట్టెను జాతీయ వంటకంగా ప్రకటించి, ఏటా నవంబరు రెండో ఆదివారాన్ని దానికి పండుగ రోజు చేసింది. ఆ రొట్టె పుపూసా. తడి మొక్కజొన్న పిండి ముద్దను అరచేతిలో గుంట చేసి, మెదిపిన ఎర్ర రాజ్మానో, చీజునో, రుబ్బిన పంది మాంసాన్నో, లొరోకో అనే తీగ మొగ్గలనో కూరి, అంచులు మూసి, రెండు చేతుల మధ్య తట్టి పెనం మీద కాలుస్తారు.

ఈ తిండికి కావలసిన దినుసులు ఆ నేలకు చాలా పాతవి. 1976లో ధాన్యం గోదాముల కోసం హోయా డి సెరెన్ దగ్గర నేల చదును చేస్తుంటే, దాదాపు 1,400 ఏళ్ల కిందట అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయిన పల్లె బయటపడింది. తవ్వకాల్లో మొక్కజొన్న, చిక్కుడు గింజలు, నూరుడు రాళ్లు దొరికాయి. 1993లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అసలు కిటుకు పిండిలో ఉంది. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగేసి రుబ్బుతారు. తాంబూలంలో వేసుకునే సున్నమే అది. మొక్కజొన్నలోని నియాసిన్, అంటే బి3 విటమిన్, చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది, పైగా పిండికి కాల్షియం చేరుస్తుంది.

మొక్కజొన్నను ఓడలకెక్కించుకుపోయిన స్పెయిన్ వాళ్లు సున్నాన్ని మాత్రం అక్కడే వదిలేశారు. 1735లో స్పెయిన్‌లోని ఆస్టూరియాస్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు మొక్కజొన్నే ఆధారంగా బతికే పేదల చర్మం మీద ఎర్రటి పొక్కులు గమనించాడు. అదే పెల్లాగ్రా. ఇటలీని, ఆ తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాలను కూడా అది పీడించింది. నియాసిన్ దానికి మందని తేలింది 1937లో!

మొక్కజొన్న మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, రాజ్మాలో దండిగా ఉంటుంది. అందుకే రాజ్మా కూరిన పుపూసాలో ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది, పీచూ దొరుకుతుంది. పంది మాంసం, చీజు కూరినవి రుచికి గొప్పవే గానీ కొవ్వు, ఉప్పు ఎక్కువ. పక్కన పెట్టే కుర్తీదో, అంటే వెనిగర్‌లో ఊరిన క్యాబేజీ, క్యారెట్, ఆ బరువును కొంత తగ్గిస్తుంది.

ఎల్ సాల్వడార్‌లో 1980-92 అంతర్యుద్ధం వేల కుటుంబాలను లాస్ ఏంజెలెస్‌కు, వాషింగ్టన్‌కు తరిమింది. వాళ్లతో పుపూసా కూడా వెళ్లింది. అక్కడి మనవాళ్లలో శాకాహారులు రాజ్మాది అడిగితే చాలదు. ఆ గింజల్ని చాలాచోట్ల పందికొవ్వులో వేయిస్తారు, ముందే కనుక్కోవాలి.