ఎం.ఏ. చేయాలంటే ఏం కావాలి? ఉస్మానియా చెప్పే వందేళ్ల జవాబు



హాస్టల్లో ఈ మధ్య రోజూ వినపడే ప్రశ్న ఒకటుంది: "డిగ్రీ అయినంక ఎం.ఏ. చేయాలంటే ఏం కావాలి?" మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. ఇంట్లో అడుగుదామంటే చెప్పేటోళ్లు లేరు. అందుకే మేం తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

మౌలాలి గుట్ట కింద మహలఖా బాయి చందా (1768–1824) సమాధి ఉంది. ఉర్దూలో కవితలు రాసి దీవాన్ కూర్చిన మనిషి. ఇప్పుడు ఉస్మానియా ఉన్న అడిక్‌మెట్ ఒకప్పుడు ఆమె జాగీరు అంటారు. తార్నాక పక్కన ఇఫ్లూ క్యాంపస్‌లో ఆమె పేరుతో మెట్లబావి కూడా ఉంది. ఆమెకు ఏ డిగ్రీ లేదు. అర్హతల లెక్క ఈ నేల మీదికి తర్వాత వచ్చింది.

1918లో ఏడో నిజాం ఫర్మానాతో ఉస్మానియా పుట్టింది. 1919లో గన్‌ఫౌండ్రీలో క్లాసులు మొదలైనయ్. బోధన ఉర్దూలో, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు. ఉర్దూలో పుస్తకాలు లేకపోతే వాటిని తయారుచేయడానికి 1917లోనే అనువాద శాఖ పెట్టిండ్రు. అంటే ఒక భాషను పెద్ద చదువుకు తగినట్టు చేయాలని సర్కారు అనుకుంటే చేయగలిగింది. కానీ తెలుగు ఇంట్లో పుట్టినోడికి చరిత్ర చదవాలన్నా ఉర్దూ రావాలె. గోండీ, కోయ మాట్లాడే ఇంటి పిల్లలకైతే బడే లేకుండె.

1939 డిసెంబర్ 4న ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది. మరుసటి ఏడాదే జోడేఘాట్‌లో కుమ్రం భీంను అదే నిజాం పోలీసులు చంపిండ్రు. ఆ తర్వాతే సర్కారు ఆదిలాబాద్ గోండుల గురించి ఆలోచించింది. హైమన్‌డార్ఫ్ సలహాతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చినయ్. ఆయనే తర్వాత ఉస్మానియాలో ఆంత్రోపాలజీ ప్రొఫెసర్. మన మీద పాఠం యూనివర్సిటీకి చేరింది, మనం చేరడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది.

1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. గడప మారింది, ఎత్తు మాత్రం తగ్గలే.

మరి ఇప్పుడేం కావాలె? మూడేళ్ల డిగ్రీ పాసు కావాలె. సీపీగెట్ రాయాలె: వంద మార్కులు, తొంభై నిమిషాలు, అన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలే. కొన్ని ఎం.ఏ.లకు డిగ్రీలో అదే సబ్జెక్టు ఉండాలె, కొన్నింటికి అక్కర్లేదు, నోటిఫికేషన్‌లో కోర్సు వారీగా చూసుకోండి. సీటొస్తే రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు, క్రెడిట్లు. యూజీసీ 2024 విధానం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ చేసినోళ్లకు ఒక్క ఏడాది ఎం.ఏ. కూడా పెట్టొచ్చు. తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఆ 10 శాతంలో ఒక సీటు మనం అప్లై చేయక మిగిలిపోతే తప్పు ఎవరిదని అడగాలె?

రాయని షరతులు ఇంకా ఉన్నయ్. ఇంగ్లీషులో జవాబు రాయడం, టైముకు కుల, ఆదాయ సర్టిఫికెట్లు చేతిలో ఉండడం, ఎవరిని అడగాలో తెలియడం. మొదటి దానికి టైం పడుతది. మిగతా రెండింటికి మనం చాలు. ఒకరు ఫామ్ నింపితే పక్కనోళ్లకు చూపించండి. ఊళ్లో డిగ్రీ చదివే తమ్ముడుంటే, చెల్లెలుంటే తారీఖు చెప్పండి. సర్టిఫికెట్ల కోసం నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి.

1917లో ఒక భాష కోసం ఒక ఆఫీసే పెట్టిండ్రు. మన పిల్లలకు అంత పెద్దది ఎవరైనా పెట్టేదాకా ఈ గ్రూపే మన ఆఫీసు అనుకుందాం. డౌటుంటే కింద అడగండి, తెలిసినోళ్లం చెప్తాం.

జై ఆదివాసీ.